మూడు బైట్ల ఖాళీ: జీడీబీలో సొంత మెమరీ విండో కట్టిన డైరీ

రోజు 1

ఈ పనికి కారణం ఒక అంకె: 33456.

మా సర్వీసులో రికార్డుల పట్టిక ఒకటుంది. సీలో రాసిన పాత కోడ్. ఒక్కో రికార్డులో నాలుగు ముక్కలు: ఐడీ, రకం, పదహారు బైట్ల లేబుల్, ఆ రికార్డుకు చెందిన డేటా పొడవు. పొడవు 64 అని ఉండాల్సిన చోట అప్పుడప్పుడూ 33456 అని తేలుతోంది. దాన్ని నమ్మి అన్ని బైట్లూ చదవబోయిన కోడ్ సెగ్‌ఫాల్ట్‌తో (తనది కాని మెమరీని తాకిన తప్పుతో) కూలుతోంది. టెస్టుల్లో ఒక్కసారి కూడా రాలేదు. మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ పెట్టి నడిపితే కూలిన చోటు చూపిస్తోంది గానీ, పొడవును చెడగొట్టింది ఎవరో చెప్పడం లేదు. అలాంటిదే ఇంకో పరికరం, వాల్‌గ్రైండ్‌దీ అదే మాట.

నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ఆపి లోపల చూపించే డీబగ్గర్ జీడీబీ. అందులో రికార్డును ప్రింట్ చేస్తే ఫీల్డులన్నీ ముచ్చటగా వస్తాయి. ఫీల్డులే వస్తాయి, వాటి మధ్యలో ఏముందో రాదు. పచ్చి బైట్లు కావాలంటే ఎక్స్ కమాండ్ ఉంది. ఆగిన ప్రతిసారీ తనంతట తానే చూపించాలంటే డిస్‌ప్లే ఉంది. రెండూ కమాండ్ విండోలో బారెడు హెక్స్ (పదహారు లెక్కలో రాసిన అంకెలు) కుమ్మరించి పైకి జరిగిపోతాయి. ఇందాకటి బైటుకూ ఇప్పటి బైటుకూ తేడా నా కళ్ళే వెతుక్కోవాలి. గంటసేపు వెతికాక ఆ కళ్ళకు 6కీ 8కీ తేడా తెలియడం మానేసింది.

జీడీబీ టీయూఐలో (టెర్మినల్‌లోనే విండోలు చూపించే పద్ధతిలో) సోర్సుకు విండో ఉంది, అసెంబ్లీకి ఉంది, రిజిస్టర్లకు ఉంది. మెమరీకి లేదు. ఎందుకు లేదన్నది నాకెప్పుడూ వింతే. అయితే 2020లో వచ్చిన జీడీబీ 10 నుంచి పైథాన్‌తో మన విండో మనమే కట్టుకోవచ్చు. ఎక్లిప్స్ అనే ఐడీఈ (కోడ్ రాయడం, డీబగ్ చేయడం అన్నీ ఒకేచోట ఉన్న ప్రోగ్రామ్) వాడేవాళ్ళకు ఇలాంటి సదుపాయం చాలా ముందు నుంచే ఉంది: మెమరీ రెండరింగ్స్ అనే ఎక్స్‌టెన్షన్ పాయింటుకు జావా ప్లగిన్ ఒకటి రాసి తగిలిస్తే, బైట్లను మనకు నచ్చినట్టు చూపించవచ్చు. నేను పనిచేసేది ఎస్‌ఎస్‌హెచ్ మీద, దూరంగా ఉన్న సర్వర్‌లో. అక్కడికి ఐడీఈని మోసుకెళ్ళే ఓపిక లేదు. కాబట్టి పైథాన్.

సాయంత్రానికి అస్థిపంజరం లేచింది. రిజిస్టర్_విండో_టైప్ అనే ఫంక్షన్‌కు ఒక పేరూ, ఒక ఫ్యాక్టరీ ఫంక్షనూ ఇవ్వాలి. లేఔట్‌లో (విండోల అమరికలో) ఆ పేరు కనబడగానే జీడీబీ మన ఫ్యాక్టరీని పిలిచి ఖాళీ విండో చేతికిస్తుంది. మనం దాన్ని దాచుకుని, రెండర్ అనే మెథడ్ ఉన్న ఆబ్జెక్టును తిరిగివ్వాలి. విండోకు వెడల్పు, ఎత్తు, తుడవడానికి ఎరేజ్, రాయడానికి రైట్. అంతే సరంజామా. లేఔట్ కోసం కమాండ్ ఒక్క వరస: టీయూఐ న్యూ-లేఔట్ మెమ్ ఎస్‌ఆర్‌సీ 2 మెమ్‌వ్యూ 1 స్టేటస్ 0 సీఎండీ 1. పేరు పక్కన ఉన్నది ఆ విండోకు ఎంత వాటా ఇవ్వాలన్న అంకె.

లేఔట్ మార్చగానే పైథాన్ ఎర్రర్. ప్రోగ్రామ్ ఇంకా మొదలే కాలేదు, మెమరీ ఎక్కణ్ణుంచి చదువుతుంది? విండోలో "ప్రోగ్రామ్ నడవడం లేదు" అని రాయించి పడుకున్నా. ఇలాంటి పని చేసేవాళ్ళు సెట్ పైథాన్ ప్రింట్-స్టాక్ ఫుల్ అని ముందే పెట్టుకోండి. లేకపోతే ఎర్రర్ ఏ వరసలో వచ్చిందో చెప్పకుండా ఒక్క ముక్క విసిరి ఊరుకుంటుంది.

రోజు 2

పొద్దున్నంతా కూడికలే. టెర్మినల్ 80 గళ్ళు. చుట్టూ గీతకు రెండు పోతే మిగిలేవి 78. 64 బిట్ మెషీన్‌లో అడ్రస్‌కు పదహారు హెక్స్ అంకెలు రాస్తే చోటు చాలదు. మామూలు ప్రోగ్రాముల అడ్రస్‌లు 48 బిట్లలోనే ఉంటాయి గనుక పన్నెండు అంకెలు చాలు. పన్నెండూ, రెండు ఖాళీలూ కలిపి 14. పదహారు బైట్లకు ఒక్కోదానికి మూడు గళ్ళ చొప్పున 48. కుడివైపు అక్షరాల వరసకు 16. మొత్తం సరిగ్గా 78. ఇంత అచ్చంగా సరిపోయినందుకు మురిసిపోయి, అందం కోసం ఎనిమిదో బైటు తర్వాత ఒక ఖాళీ పెట్టా. 79. ప్రతి వరసా విరిగి రెండయింది. అందం తీసేశా.

రోజు 3

మారిన బైట్లకు రంగు వేయడం. నాకు అసలు కావాల్సింది ఇదే.

మొదటి పద్ధతి ఎవరికైనా తోచేదే. రెండర్‌లో బైట్లు చదువు, పాతవాటితో పోల్చు, మారినవాటిని పసుపులో రాయి, కొత్తవాటిని పాతవిగా దాచు. విండోకు రాసే స్ట్రింగులో టెర్మినల్ రంగుల కోడ్‌లు పెడితే జీడీబీ అర్థం చేసుకుంటుంది. నెక్స్ట్ (ప్రోగ్రామ్‌ను ఒక వరస ముందుకు నడిపే కమాండ్) కొట్టా, పసుపు వెలిగింది. ఇంకోసారి కొట్టా, మరో చోట వెలిగింది. టీ తాగి వచ్చి టెర్మినల్‌ను కాస్త పెద్దది చేశా. పసుపంతా మాయం.

సైజు మారితే జీడీబీ మళ్ళీ రెండర్ పిలుస్తుంది. ఆ రెండో పిలుపులో పాతవీ కొత్తవీ ఒకటే, ఎందుకంటే మొదటి పిలుపులోనే కొత్తవాటిని పాతవి చేసేశా. స్క్రోల్ చేసినా ఇదే తంతు. బొమ్మ గీయడం వేరు, కాలం ముందుకు జరగడం వేరు. రెండింటినీ ఒకే ఫంక్షన్‌లో కుక్కడమే నా తప్పు. ఇప్పుడు ప్రోగ్రామ్ ఆగిన ప్రతిసారీ వచ్చే స్టాప్ ఈవెంట్‌లో మాత్రమే "ఇప్పటివి" అన్న పట్టీ "ఇందాకటివి" అవుతుంది. రెండర్ ఆ రెండు పట్టీలనూ చూస్తుందే గానీ ముట్టుకోదు.

పట్టీలో బైటును వెతికే తాళంచెవి (కీ) కూడా మార్చాల్సి వచ్చింది. మొదట్లో "విండోలో ఎన్నో బైటు" అన్న లెక్కతో దాచా. పాయింటర్ ఒక రికార్డు ముందుకు జరగగానే విండో మొత్తం పసుపు! నిజానికి మెమరీలో చీమ కూడా కదల్లేదు, మారింది నేను చూసే చోటు. బైటు అసలు అడ్రస్‌నే తాళంచెవి చేస్తే ఆ గోల పోయింది. ఇంతకుముందు ఎప్పుడూ చూడని బైటుకు రంగు ఉండదు. అది మారిందో లేదో నాకు తెలీదు, తెలియనిదానికి రంగేస్తే అబద్ధమవుతుంది.

ఇంకో చిన్న ముచ్చట. డీబగ్గర్‌లో కూర్చుని నేనే సెట్ వేర్ కొట్టి విలువ మారిస్తే మెమరీ_ఛేంజ్డ్ అని వేరే ఈవెంట్ వస్తుంది. వాటికి నీలం వేశా. ప్రోగ్రామ్ చేసిన పాపం, నేను చేసిన పాపం విడివిడిగా కనబడాలి.

రాత్రి పదకొండింటికి: మామూలు సోర్స్ లేఔట్‌కు వెళ్ళి, స్టెప్ కొడితే ఎర్రర్. విండో మూసుకుపోయింది గానీ స్టాప్ ఈవెంట్‌కు కట్టిన నా ఫంక్షన్ ఇంకా బతికే ఉంది, లేని విండోలో రాయబోతోంది. లేఔట్ అటూ ఇటూ మూడుసార్లు మార్చి ఉన్నా గనుక అలాంటివి మూడు. క్లోజ్ అనే మెథడ్ రాసి, అందులో డిస్‌కనెక్ట్ పెట్టా. ఈ మెథడ్ రాయకపోయినా జీడీబీ ఏమీ అనదు, అందుకే మర్చిపోతాం.

రోజు 4

పేజీ అంచు (మెమరీని ఆపరేటింగ్ సిస్టమ్ పంచే ముక్క పేరు పేజీ). చదవమన్న 256 బైట్లలో ఒక్కటి చదవలేనిదైనా రీడ్_మెమరీ మొత్తానికే ఎర్రర్ ఇస్తుంది. హీప్ చివర్లో ఉన్న రికార్డును చూస్తే విండో ఖాళీ. 4096 బైట్ల పేజీ హద్దు దగ్గర ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ విడిగా చదివి, రానివాటికి ప్రశ్నార్థకాలు పెట్టా. పది వరసల కోడ్.

టీంలో సీనియర్ ఒకాయన చూసి, "ఇది మైక్రోకంట్రోలర్ మీద వాడకండి బాబూ" అన్నారు. నిజమే. అక్కడ కొన్ని అడ్రస్‌ల వెనక ఉండేది మెమరీ కాదు, పరికరం. యూఆర్ట్ (సీరియల్ లైను మీద బైట్లు పంపి, అందుకునే పరికరం) డేటా రిజిస్టర్‌ను డీబగ్గర్ చదివితే చాలు, వచ్చిన బైటు ఖర్చయిపోతుంది, ప్రోగ్రామ్‌కు అందదు. అడక్కుండానే చదివే విండో అలాంటి చోట కొత్త బగ్‌లు పుట్టిస్తుంది. నాది మామూలు సర్వర్ ప్రోగ్రామ్ గనుక బతికిపోయా, అయినా ఆటోమేటిక్‌గా చదవడాన్ని ఆపే సెట్టింగ్ ఒకటి పెట్టా.

రోజు 6

నిన్న ఏమీ చేయలేదు. ఇవాళ కుడివైపు అక్షరాల వరస.

అన్ని హెక్స్ వ్యూలలాగే నాదీ ఆస్కీ (ఇంగ్లీషు అక్షరాల పాత పట్టిక) అయితే అక్షరం, కాకపోతే చుక్క. టెస్ట్ కోసం "తెలుగు" అని ఉన్న బఫర్ తెరిచా. పద్దెనిమిది చుక్కలు. మన భాష పేరు మన డీబగ్గర్‌లో చుక్కల ముగ్గులా ఉంది. ఎవరికీ అక్కర్లేని సోకే, నాకు మాత్రం కుదురు పట్టలేదు.

యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో) తెలుగు బైట్లను గుర్తుపట్టడం చాలా తేలిక. (హెక్స్ అక్షరాలను ఇక్కడ పలికినట్టే రాస్తున్నా.) తెలుగు కోడ్ పాయింటు (యూనికోడ్ ఒక్కో అక్షరానికో గుర్తుకో ఇచ్చిన అంకె) ఏదైనా మూడు బైట్లే. మొదటిది ఎప్పుడూ ఈ0. రెండోది బీ0 గానీ బీ1 గానీ. మూడోదే అసలు అక్షరాన్ని చెబుతుంది. అంటే "అ" రాస్తే ఈ0 బీ0 85. మెమరీ డంప్‌లో ఈ0 బీ0, ఈ0 బీ1 అని మూడేసి అడుగుల నడక కనబడిందంటే అక్కడ తెలుగు ఉన్నట్టే. ఒకసారి అలవాటైతే కళ్ళు వాటంతట అవే పట్టేస్తాయి.

డీకోడ్ చేయడం తేలికే, పెట్టడమే కష్టం. "తెలుగు"లో కంటికి కనబడేవి మూడు అక్షరాలు. కోడ్ పాయింట్లు ఆరు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. బైట్లు పద్దెనిమిది. పదహారు బైట్ల వరసలో అయిదు కోడ్ పాయింట్లు పదిహేను బైట్లు తింటే, చివరి కొమ్ము తాలూకు ఈ0 ఈ వరస చివర, మిగతా రెండు బైట్లు కింది వరస మొదట. వరసకు వరస విడిగా డీకోడ్ చేస్తే ఆ కొమ్ము రెండు వరసల్లోనూ చుక్కలే. కాబట్టి విండో మొత్తాన్ని ఒకేసారి డీకోడ్ చేసి, కోడ్ పాయింటు మొదటి బైటు ఏ వరసలో ఉంటే అక్షరాన్ని ఆ వరసకు ఇచ్చా. విండో మొదటి బైటే ఒక అక్షరం మధ్యలో పడొచ్చు గనుక రెండు బైట్లు వెనక నుంచి చదవడం మొదలుపెట్టా.

అక్కడితో అయిపోతే బాగుండు. వెడల్పు గొడవ మొదలైంది. యూనికోడ్ లెక్కలో ఎత్వం చోటు తినని గుర్తు, కొమ్ము చోటు తినే గుర్తు. రెండూ వేర్వేరు తరగతులు. "తె" ఒక గడి, "లు" ఒకటా రెండా? దీని మీద జీడీబీ విండోలు గీసే కర్సెస్ లైబ్రరీ ఒక మాట, నా టెర్మినల్ ఒక మాట. విండో కుడి గీత ఒక్కో వరసలో ఒక్కో చోట నిలబడి తాగినవాడిలా ఊగింది. మధ్యాహ్నమంతా దాంతో కుస్తీ పట్టి చివరికి ఓటమి ఒప్పుకున్నా. వరసలో ఒక్కో తెలుగు కోడ్ పాయింటుకు ఒక్క గుర్తు, మిగతా రెండు బైట్లకు ఖాళీలు. అసలు పాఠం మాత్రం విండో అట్టడుగున విడిగా ఒక వరసలో. అక్కడ దాని కుడివైపు నిలబెట్టాల్సిందేమీ లేదు, ఎంత ఊగితే అంత ఊగనీ.

రోజు 7

ఇవాళ్టిది వివరంగా రాస్తున్నా, ఎందుకంటే 33456 ఇవాళే దొరికింది.

విండోకు స్ట్రక్చర్ సంగతి నేర్పాలని మొదలుపెట్టా. టైప్ పేరు ఇస్తే లుకప్_టైప్, దాని ఫీల్డ్స్ నుంచి ఒక్కో ఫీల్డూ ఎన్నో బిట్ దగ్గర మొదలవుతుందో, సైజెంతో తెలుస్తుంది. బిట్లను ఎనిమిదితో భాగిస్తే బైటు. ఏ ఫీల్డుకూ చెందని బైట్లే ప్యాడింగ్. దానికి బూడిద రంగు. ఫీల్డులకు ఒకదాని తర్వాత ఒకటి రెండు రంగుల నేపథ్యం.

మా రికార్డు లెక్క ఇదీ: ఐడీ 0 నుంచి 3 దాకా. రకం 4లో, ఒకే బైటు. లేబుల్ 5 నుంచి 20 దాకా. పొడవు నాలుగు బైట్ల అంకె గనుక నాలుగుతో భాగించబడే చోటే మొదలవ్వాలి. 21 కుదరదు, 24కు జరిగింది. మధ్యలో 21, 22, 23 ఎవరివీ కావు. మొత్తం 28 బైట్లు. పీటైప్ స్లాష్ ఓ కొడితే జీడీబీ తనే "3 బైట్ల రంధ్రం" అని చూపిస్తుంది. అది మొదటి రోజే కొట్టి ఉండాల్సింది. చూశానేమో కూడా. మూడు బైట్ల రంధ్రాన్ని ఎవరు పట్టించుకుంటారు?

రంగులు వచ్చాయి గానీ బొమ్మ కుదర్లేదు. వరసకు పదహారు, రికార్డుకు ఇరవై ఎనిమిది. ఒక్కో రికార్డు ఒక్కో గడిలో మొదలై రంగులు మెట్లమెట్లుగా పక్కకు జారుతున్నాయి. అప్పుడు తట్టింది: వరసకు పదహారే ఎందుకుండాలి? పద్నాలుగు చేశా. ఇప్పుడు ఒక్కో రికార్డు సరిగ్గా రెండు వరసలు. ఒక్కసారిగా అన్నీ నిలువునా వరస కట్టాయి. ఐడీ కింద ఐడీ, పొడవు కింద పొడవు, ప్రతి రెండో వరసలో ఎనిమిది, తొమ్మిది, పదో గళ్ళలో బూడిద రంగు ప్యాడింగ్. పట్టికకు మెమరీని సున్నాలతో నింపి ఇచ్చే కాలోక్‌తో తెచ్చాం, అందుకే ప్యాడింగ్ అంతా సున్నాలు. పైనుంచి కిందికి బూడిద రంగులో 00 00 00, 00 00 00, 00 00 00.

మూడో రికార్డు దగ్గర 00 00 00 లేదు. బీ1 81 00 ఉంది.

ఆ వరస మొత్తం రాసుకున్నా: ఈ0 బీ1 81 ఈ0 బీ0 97 ఈ0, తర్వాత బూడిద రంగులో బీ1 81 00, తర్వాత పొడవు 40 00 00 00. హెక్స్ 40 అంటే 64, పొడవు సరిగ్గానే ఉంది. నిన్న రోజంతా ఈ0 బీ1లతో కాపురం చేశాను గనుక ఇది చూడగానే చదవగలిగా. కొమ్ము, గ, మళ్ళీ ఈ0... ఈ0 లేబుల్ చివరి బైటు. దానికి చెందిన బీ1 81 ప్యాడింగ్‌లో ఉన్నాయి. ఇది నేనే నిన్న టెస్ట్ కోసం ఇచ్చిన "తెలుగు" లేబుల్. పద్దెనిమిది బైట్లు, చివర ఒక సున్నా బైటు, వెరసి పంతొమ్మిది. లేబుల్‌లో చోటు పదహారు. పొంగిన మూడూ మూడు బైట్ల రంధ్రంలో అతికినట్టు సరిపోయాయి. ఎవరికీ ఏ హానీ లేదు. ప్రోగ్రామ్ సరిగ్గానే నడుస్తోంది. ప్రింట్ చేస్తే ప్యాడింగ్ కనబడదు. శానిటైజర్లు కూడా నోరు మెదపవు, ఎందుకంటే రాసింది అదే రికార్డు లోపల. వాటి దృష్టిలో ఆ మెమరీ అంతా మనదే.

మరి ఇంకో కోడ్ పాయింటు ఎక్కువైతే? ఏడు కోడ్ పాయింట్ల మాట కోసం ఆలోచించి "పుస్తకం" అని ఇచ్చా. ప, కొమ్ము, స, పొల్లు, త, క, సున్న. ఇరవై ఒక్క బైట్లు. విండోలో ప్యాడింగ్ బీ0 95 ఈ0 అయింది. పొడవు నాలుగు బైట్లూ బీ0 82 00 00 అయ్యాయి. చిన్న బైటు ముందు వచ్చే మెషీన్ కాబట్టి వెనక నుంచి చదవాలి: 82బీ0. పది లెక్కలో 33456.

కుర్చీలోంచి లేచి నిలబడ్డా. ఆ అంకె ఏ చెత్త విలువో, ఎక్కడిదో పాయింటర్ ముక్కో కాదు, "పుస్తకం" చివరున్న సున్న తాలూకు రెండు బైట్లు. లాగ్‌లలో పాత కూలుళ్ళు తీసి చూస్తే 33456తో పాటు ఇంకొన్ని అంకెలు. 46512 కూడా ఉంది, హెక్స్‌లో బీ5బీ0. ఏడో కోడ్ పాయింటుగా "వ" పడ్డ మాట ఏదో అయ్యుండాలి.

కోడ్‌లో లేబుల్ ఫీల్డు పక్కన ఎప్పటిదో కామెంట్ ఒకటుంది: పదహారు అక్షరాలు చాలు. ఇంగ్లీషులో పదిహేను అక్షరాలు పడతాయి. తెలుగులో అయిదు కోడ్ పాయింట్ల దాకా క్షేమం, ఆరైతే గప్‌చుప్, ఏడైతే పేలుడు. మా టెస్ట్ లేబుళ్ళన్నీ పొట్టి ఇంగ్లీషు మాటలు.

రోజు 8

రాసేది ఎవరో ఇప్పుడు ఊహించగలను, అయినా పట్టుకుని చూడాలి. జీడీబీ 11 నుంచి పైథాన్ విండోకు మౌస్ క్లిక్‌లు కూడా వస్తాయి. క్లిక్ అనే మెథడ్‌కు అడ్డం, నిలువు, ఏ బటన్ అన్న మూడూ అందుతాయి. అడ్డంలోంచి 14 తీసి మూడుతో భాగిస్తే ఎన్నో బైటో తెలిసిపోతుంది. రెండో రోజు చేసిన కూడికలు ఇక్కడ పనికొచ్చాయి. ఎడమ క్లిక్ పడితే ఆ బైటు ఉన్న ఫీల్డు మొత్తానికి వాచ్‌పాయింట్ (ఆ బైట్లు మారగానే ప్రోగ్రామ్‌ను ఆపే కాపలా). ఫీల్డు పేరుతో కాదు, అడ్రస్‌తో పెట్టాలి. లోకల్ వేరియబుల్ పేరుతో పెడితే ఆ ఫంక్షన్ నుంచి బయటికి రాగానే జీడీబీ వాచ్‌పాయింట్‌ను తీసేస్తుంది. దీనికో ఇబ్బంది: మౌస్‌ను టీయూఐ తీసేసుకుంటే టెర్మినల్‌లో పాఠం సెలెక్ట్ చేసి కాపీ చేయడం కుదరదు. సెట్ టీయూఐ మౌస్-ఈవెంట్స్ ఆఫ్ అంటే మామూలవుతుంది.

ప్యాడింగ్ మీద నొక్కా. ఎక్స్86లో హార్డ్‌వేర్ వాచ్‌కు నాలుగే రిజిస్టర్లు, ఒక్కోటి 1, 2, 4, 8 బైట్లను, అదీ ఆ సైజు హద్దు మీద ఉంటేనే చూడగలదు. 21 బేసి స్థానం. అక్కడో బైటు, 22 నుంచి రెండు బైట్లు. అంటే ఈ మూడు బైట్లకే రెండు రిజిస్టర్లు ఖర్చు. రెండు రికార్డుల ప్యాడింగ్‌లు చూస్తే కోటా అయిపోయింది.

కంటిన్యూ. వెంటనే ఆగింది. పదిహేడో బైటు రాసిన క్షణం. సోర్స్ విండోలో మూడు వరసల లూప్: ఒక పాయింటర్ నుంచి బైటు తీసి ఇంకో పాయింటర్‌లో వేస్తూ, సున్నా తగిలేదాకా. లైబ్రరీలో ఉన్న స్ట్రింగ్ కాపీ కూడా కాదు, ఎవరో చేత్తో రాసుకున్నది. లైబ్రరీదే వాడి, ఆప్టిమైజేషన్‌తో పాటు ఫోర్టిఫై (కాపీ హద్దు దాటితే ప్రోగ్రామ్‌ను ఆపే తనిఖీ) రెండో స్థాయిలో పెట్టి కంపైల్ చేసి ఉంటే, లేబుల్ సైజు కంపైలర్‌కు కనబడే చోట పొంగిన మొదటి రోజే ప్రోగ్రామ్ ఆగిపోయేది. చేతి లూప్‌కు ఆ కాపలా లేదు. రికార్డు నింపేటప్పుడు పొడవు ముందు రాసి, లేబుల్ తర్వాత కాపీ చేస్తున్నారు. ఆ రెండు వరసలూ తారుమారై ఉంటే పొడవు బాగుండేది, లేబుల్ చివర మాత్రం చెత్త కనబడేది. ఎవరో ఎప్పుడో "ఫాంట్ సమస్య" అని మూసేసేవాళ్ళు.

విండోలో ఒక దిద్దుబాటు కూడా చేశా. ప్యాడింగ్‌లో సున్నా కానిదేదైనా కనబడితే ఎరుపు వేయడం మొదటి ఆలోచన. అది తప్పు. సున్నాలు నింపకుండా ఇచ్చే మాలోక్‌తో తెచ్చిన మెమరీలో ప్యాడింగ్‌లో పాత చెత్త ఉండటం సహజం. సీ భాష ప్రకారం కూడా ప్యాడింగ్ విలువకు ఏ హామీ లేదు. స్ట్రక్చర్‌ను మొత్తంగా కాపీ చేస్తే కంపైలర్ దాన్నీ కాపీ చేయొచ్చు, మానేయొచ్చు. కాబట్టి రెండు ఆగుళ్ళ మధ్య ప్యాడింగ్ మారితేనే ఎరుపు. అప్పుడైనా అది అనుమానమే, నేరం కాదు.

రోజు 10

కోడ్ సరిచేశాం. లేబుల్ 64 బైట్లు. కాపీకి హద్దు. హద్దు దగ్గర కోయాల్సి వస్తే, పై రెండు బిట్లు 10 అయిన బైట్లన్నీ కొనసాగింపు బైట్లు గనుక, వాటిని దాటి వెనక్కి వెళ్ళి కోడ్ పాయింటు మొదట్లో కోయడం. రివ్యూలో దీని మీదే ఎక్కువ చర్చ. పాత పదహారులో ఇలా కోస్తే "తెలుగు" కాస్తా "తెలుగ" అవుతుంది. యూటీఎఫ్-8 పరంగా ఏ లోపమూ లేదు, చదివేవాడికి మాత్రం తప్పు. అక్షరం హద్దు దగ్గర కోస్తే "తెలు". అదీ మాట కాదనుకోండి, కనీసం గుణింతం విరగలేదు. ప్రస్తుతానికి కోడ్ పాయింటు దగ్గరే ఆపాం. 64లో ఇరవై ఒక్క కోడ్ పాయింట్లు పడతాయి.

కొత్త బైనరీ మీద మెమ్ లేఔట్ తెరిచా. 4, 1, 64 కలిపి 69. పొడవు 72 దగ్గర మొదలు. అంటే రంధ్రం మళ్ళీ మూడు బైట్లే! రికార్డు 76 బైట్లయింది. నా విండోలో వరసకు పదహారుకు మించి పట్టవు, 76ను భాగించేవాటిలో పదహారు లోపల ఉన్న పెద్దది 4. వరసకు నాలుగు బైట్లతో ఒక్క రికార్డుకే పంతొమ్మిది వరసలు. పద్నాలుగు కుదరడం నా తెలివి కాదు, 28 చేసిన పుణ్యం.

అందుకని వరస వెడల్పును రికార్డు సైజుకు సరిపెట్టే ఆ తెలివి తీసేస్తున్నా. వరసకు పదహారే, రికార్డు అయిపోగానే మిగతా గళ్ళు ఖాళీగా వదిలేసి కొత్త వరస. 76కు నాలుగు నిండు వరసలు, పన్నెండు బైట్లతో ఒక కురచ వరస. రాశా, ఫీల్డులు మళ్ళీ నిలువునా నిలబడ్డాయి. స్క్రోల్ మాత్రం విరిగింది: ఒక వరస కిందికి అంటే పదహారు బైట్లు అని ఇంకా అనుకుంటోంది. క్లిక్ లెక్క కూడా ఆ కురచ వరసలో ఖాళీ గళ్ళ మీద నొక్కితే పక్క రికార్డు ఐడీకి వాచ్‌పాయింట్ పెట్టేస్తోంది. రేపు ఆ రెండూ.